మా ధర్మపురి నీళ్ళు

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన పెద్దల మాట. నీరు ఎటు పారుతుందో కంటికి కనబడుతుంది. ఆ నీటిలో ఏమి కలిసి వున్నదో మాత్రం కనబడదు. మా ధర్మపురి సీమలో బోరునీళ్ళు చెంబులో పట్టి చూస్తే అద్దంలా వుంటాయి. చెడు వాసన లేదు, రంగు లేదు. ఆ నీళ్ళే మూడు నాలుగు తరాలుగా మావాళ్ళ పళ్ళను, ఎముకలను పాడుచేసినాయి. యీ సంగతి కనిపెట్టినవారెవరు, కనిపెట్టిన తరువాత మంచినీళ్ళు రావడానికి అన్ని ఏండ్లు ఎందుకు పట్టింది, యికముందు జరగవలసినదేమిటి అన్న విషయాలను మన పత్రిక చదువరులతో నాలుగు మాటలు చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మన తెలుగువాళ్ళు యీ సీమకు వచ్చి ఎన్ని తరాలయిందో ఎవరికీ సరిగా లెక్క తెలియదు. విజయనగర రాజుల కాలంలో వచ్చినామని మా తాత చెప్పేవాడు. పాప్పిరెడ్డిపట్టి వంటి ఊరి పేర్లు వింటే ఆ మాట నిజమే అనిపిస్తుంది. అప్పుడు యిదంతా సేలం జిల్లా. 1965లో ధర్మపురి వేరే జిల్లా అయింది. 2004లో అందులోనుంచి కృష్ణగిరి విడిపోయింది. జిల్లాలు మారినా నేల మారలేదు. వాన తక్కువ, రాయి ఎక్కువ. రాగిసంగటి, అనపకాయల పులుసు, చింతతోపులు మా బ్రతుకు. నీళ్ళకు బావే దిక్కు. బావి ఎండితే యింకా లోతుకు పోవడమే దారి.

మా అవ్వ నవ్వినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది ఆడవాళ్ళ మర్యాద అనుకునేవాళ్ళం. మా మేనత్తలూ అట్లే చేసేవారు. మా యింటి పెండ్లి ఫొటోలు తీసి చూస్తే ఒక్కరి పళ్ళయినా కనబడవు. అందరూ పెదవులు బిగించుకొని కూర్చున్నవాళ్ళే. నాయన పళ్ళమీద గోధుమరంగు చారలు అడ్డంగా వుండేవి. వేపపుల్లతో తోమినా, బొగ్గుతో తోమినా, ఇటుకపొడితో తోమినా పోలేదు. ఆ చార పంటిపైన అంటిన మురికి అయితే పోయేదే. పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడే పడిన మచ్చ యిక పోదు. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళు "ఏ ఊరి పిల్ల?" అని అడిగి, మా ఊరి పేరు చెప్పగానే మాట మార్చేవాళ్ళు. ఊరి పేరే ఒక వంకగా మారింది.

పళ్ళ మచ్చతో పోయినవాళ్ళు అదృష్టవంతులు. మా పెద్ద మేనత్తకు నలభై ఐదేండ్లు దాటకముందే మెడ బిగుసుకుపోయింది. వెనకనుంచి "అత్తా" అని పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరిగి చూసేది. తరువాత నడుము వంగింది. ఒకరు వాతమన్నారు, ఒకరు గ్రహచారమన్నారు. నూనెలు రాసినారు, మొక్కుబళ్ళు చెల్లించినారు. ఆమె చివరివరకు ఆ బావినీళ్ళే త్రాగింది.

యీ జబ్బును మన దేశంలో మొదట గుర్తించి వ్రాసినది తెలుగునేలమీదనే అన్న సంగతి చదువరులలో చాలామందికి తెలియకపోవచ్చు. నెల్లూరు జిల్లాలో అప్పట్లో వుండిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో ఎద్దులు కీళ్ళు పట్టుకుపోయి నడవలేకపోవడం 1930 ప్రాంతాల్లో రైతులే మొదట గమనించినారని చెబుతారు. తరువాత మనుషుల నడుములు కూడా అట్లే బిగుసుకుపోవడం వైద్యుల దృష్టికి వచ్చింది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ పెద్ద షార్ట్ దొర, ఆయనతోపాటు పండిత్, రాఘవాచారి అనే మనవారిద్దరు కలిసి, యిది ఫ్లోరైడు ఎక్కువగా వున్న నీళ్ళవల్ల వచ్చే ఫ్లోరోసిస్ అని వైద్యపత్రికలో ప్రకటించినారు. కింగ్ ఇన్‌స్టిట్యూట్ ప్రభుత్వ సంస్థ. టీకాల తయారీ, నీటి పరీక్ష దాని పనులు. వైద్యుడు రోగిని చూస్తే, నీటిపరీక్ష తెలిసినవాడు ఆ రోగి యింటి బావినీళ్ళు చూసినాడు. రెండు లెక్కలు ఒకచోట పెట్టినందునే రహస్యం బయటపడింది. ఆ పండిత్‌గారే తరువాత స్వతంత్ర భారతంలో ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిసెర్చికి మొదటి డైరెక్టరు అయినారు.

నీళ్ళలోకి ఫ్లోరైడు ఎట్లా వస్తుందంటే, మన దక్షిణాదిన నేలక్రింద వున్న గట్టిరాళ్ళలో ఫ్లోరైడు గల ఖనిజాలు వున్నాయి. నీరు ఎక్కువకాలం ఆ రాతి పగుళ్ళలో నిలిచివుంటే అది కొంచెం కొంచెంగా కరిగి నీటిలో చేరుతుంది. నీటిలో సున్నపు సత్తువ, అనగా కాల్షియం, ఎక్కువగా వుంటే ఫ్లోరైడును చాలావరకు పట్టి ఆపుతుంది. అది తక్కువగా వుంటే ఆపేదేమీ లేదు. అందుకనే ఒకే ఊరిలో ఒక బావి మంచిది, పక్క వీధి బోరు చెడ్డది కావచ్చు. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము వరకు మంచిదని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. మరిగిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. మరిగిస్తే నీరు ఆవిరై తగ్గుతుందే తప్ప ఫ్లోరైడు తగ్గదు, చిక్కబడుతుంది. యింట్లో అమ్మలు యీ ఒక్క మాట జ్ఞాపకం పెట్టుకుంటే చాలు.

1937లో తెలిసిన సంగతి ఆ తరువాత ఏమైందో చూద్దాం. 1955లో హైదరాబాదు ఉస్మానియా వైద్య కళాశాలకు చెందిన సిద్దీఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులను గురించి ఇంగ్లండు వైద్యపత్రికలో వ్రాసినాడు. యిది విశ్వవిద్యాలయ పరిశోధకుని పని. 1918లో కూనూరులో మొదలై తరువాత హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థనుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు 1973లో యింకొక సంగతి చెప్పినారు. ఫ్లోరైడు వున్న ప్రాంతంలో పెరిగే పిల్లలకు, పడుచువాళ్ళకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకొనే జబ్బు వస్తున్నదని, ఎముకలు బోలుగా మారుతున్నాయని వారు తేల్చినారు. యిది ప్రభుత్వ పరిశోధన సంస్థ పని. ఆ దశాబ్దంలోనే నాగపూరులోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వారు పటిక, సున్నం, బ్లీచింగు పొడి వేసి కలిపి, తేర్చి, ఫ్లోరైడును తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టినారు. బిందెలో చేయవచ్చు, ఊరి ట్యాంకులోనూ చేయవచ్చు.

అందరూ పెద్దవాళ్ళే, అందరిదీ మంచి పనే. కాని ఎవరి పని వారిది అయిపోయింది. పటిక పద్ధతి తీసుకోండి. ఏ బావినీటికి ఎంత పటిక వేయాలో నీటిని బట్టి మారుతుంది. రోజూ కొలిచి వేసేవాడు వుండాలి. అడుగున చేరిన మడ్డిని తీసి పారబోసేవాడు వుండాలి. వారానికొకసారి వచ్చి నీళ్ళు పరీక్షించేవాడు వుండాలి. పద్ధతి చెప్పినవాడు నాగపూరులో, జబ్బు చూసినవాడు హైదరాబాదులో, ట్యాంకు తాళంచెవి పంచాయతీ నౌకరు దగ్గర. యీ ముగ్గురినీ ఏండ్ల తరబడి కలిపి వుంచే కట్టు లేక చాలాచోట్ల ఆ పద్ధతి మూలపడింది.

ఇదే ఫ్లోరైడు విషయంలో కట్టు వున్నచోట ఏమి జరిగిందో చెప్తాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రాన గ్రాండ్ రాపిడ్స్ అనే పట్టణం వున్నది. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడు బాగా తక్కువ. పిల్లలకు పుచ్చుపళ్ళు ఎక్కువ. కొద్దిపాటి ఫ్లోరైడు పంటికి మేలుచేస్తుందేమోనని అనుమానం వచ్చి 1945 జనవరిలో కుళాయినీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కలపడం మొదలుపెట్టినారు. ఆ దేశపు ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ, మిషిగన్ రాష్ట్ర ఆరోగ్యశాఖ, రాష్ట్ర ప్రజల సొమ్ముతో నడిచే మిషిగన్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన పని అది. పక్కన మస్కీగన్ అనే పట్టణాన్ని ఏమీ కలపకుండా పోలికకు పెట్టుకున్నారు. పదిహేనేండ్ల పథకం. దాదాపు ముప్పైవేల మంది బడిపిల్లల పళ్ళు ఏటేటా లెక్కవేస్తూ వచ్చినారు. పదకొండేండ్లకే, నీళ్ళు మారిన తరువాత పుట్టిన పిల్లలలో పుచ్చుపళ్ళు అరవై శాతానికి మించి తగ్గినట్లు తేలింది. నీటిలో ఫ్లోరైడు కలపడం మంచిదా కాదా అన్న వాదం ఆ దేశంలో తరువాత చాలా నడిచింది. ఆ వాదం జోలికి నేను పోను. నాకు కావలసింది ఆ పదిహేనేండ్ల పట్టుదల. నీళ్ళు వదిలేవాళ్ళూ పళ్ళు లెక్కపెట్టేవాళ్ళూ ఒకే ఒప్పందం క్రింద అన్నాళ్ళు కలిసివున్నారు. మాకు అదే కరువైంది.

మా పల్లెకు పరీక్షలకు వచ్చినవాళ్ళకు కొదవ లేదు. నేను బడిపంతులుగా వున్న రోజుల్లో ఒక కళాశాలనుంచి కొందరు విద్యార్థులు వచ్చినారు. మా వీధి ముసలమ్మలకు యింట్లో తెలుగే గాని చదువు లేదు, పైవాళ్ళతో అరవం మాట్లాడడానికి మొహమాటం. అందువల్ల మధ్యవర్తిగా నన్ను పిలిచినారు. నీళ్ళు సీసాల్లో పట్టినారు. పిల్లల చేత నోళ్ళు తెరిపించి పళ్ళు చూసినారు. మూత్రం కూడా చిన్న డబ్బాల్లో తీసుకున్నారు. "యీ బావినీళ్ళు ఎన్ని ఏండ్లుగా త్రాగుతున్నారమ్మా?" అని అడగమన్నారు. నేను అడిగినాను. మా చిన్న మేనత్త, "నేను కాపురానికి వచ్చినప్పటినుంచి" అన్నది. ఆ విద్యార్థి కాగితంమీద వ్రాసుకున్నాడు. అప్పుడు ఆమె నావైపు తిరిగి, "అబ్బాయా, ముందటేడు వచ్చినవాళ్ళు కూడా యిదే అడిగి, యిట్లే సీసాలు పట్టుకుపోయినారు. మన నీళ్ళు ఎట్లావున్నాయని చెప్పినారో వాళ్ళనే అడుగు" అన్నది. నేను అరవంలోకి మార్చి అడిగినాను. ఆ పిల్లవానికి ముందటేడు వచ్చినవాళ్ళెవరో తెలియదు. వాళ్ళ లెక్క యెక్కడ వున్నదో తెలియదు. "మా ఫలితం వచ్చిన తరువాత తప్పక చెప్తాము" అన్నాడు. మంచి పిల్లవాడే, అబద్ధమాడే ముఖం కాదు. కాని చదువు ముగిసింది, మరి రాలేదు. మా అత్త ఆ బావినీళ్ళే త్రాగుతూ కూర్చున్నది.

పరిశోధకులను తప్పుపట్టాలని యీ మాట చెప్పడం లేదు. వారికి వ్యాసం వ్రాయడంతో పని ముగుస్తుంది. బావిని మూసే అధికారం వారికి లేదు, కుళాయి వేసే డబ్బు లేదు. అధికారం, డబ్బు వున్న ప్రభుత్వ శాఖవారికి ఒకే ఊళ్ళో పదేండ్లు కూర్చొని పిల్లల పళ్ళు లెక్కపెట్టే తీరిక లేదు. ఒకరికి చూపు వున్నది, ఒకరికి చేయి వున్నది. రెండూ ఒకే ఒంటికి చేరితేగాని పని జరగదు.

ఎట్టకేలకు చేయి కదిలింది. హొగెనక్కల్ దగ్గర కావేరినీళ్ళు ఎత్తి, శుద్ధిచేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఊళ్ళకు పంపే పథకానికి 2008లో శంకుస్థాపన జరిగి 2013లో నీళ్ళు వచ్చినాయి. జపాను వారి అప్పుతో, సుమారు 1,900 కోట్ల రూపాయలతో చేసిన పని. దాని పేరే "హొగెనక్కల్ నీటి సరఫరా, ఫ్లోరోసిస్ నివారణ పథకం". నీళ్ళపథకం పేరులో జబ్బు పేరు చేరడం నాకు పెద్ద విషయంగా తోచింది. కేంద్రప్రభుత్వం కూడా 2008-09లో ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 1937లో జబ్బు పేరు బయటపడిన నెల్లూరు, మా ధర్మపురి రెండూ అందులో చేరినాయి. అక్కడ నల్లగొండకు కూడా 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణనీళ్ళు చేరినాయి. షార్ట్ దొర వ్రాసిన ఏడుకూ మా వీధి కుళాయిలో కావేరి కనబడిన ఏడుకూ నడుమ డెబ్బైఆరేండ్లు. మా అవ్వ, నాయన, మేనత్తలిద్దరు ఆ నడుమనే పోయినారు.

కావేరి వచ్చింది గనుక కథ కంచికి చేరిందనుకుంటే పొరపాటు. వేసవిలో నీళ్ళు చాలనప్పుడు ఊరిట్యాంకులో బోరునీళ్ళు కూడా కలిపి వదలడం నేను కళ్ళారా చూసినాను. కలిపిన తరువాత ఎంత ఫ్లోరైడు వున్నదో ఆ పూట ఎవరూ చూడరు. కుళాయి అదే, బిందె అదే. త్రాగేవాళ్ళకు అంతా కావేరే.

ఇక్కడనే పరిశోధకుల చూపు కావలసి వస్తుంది. శాశ్వత దంతాలమీద ఫ్లోరైడు మచ్చ పడేది అవి చిగురులోపల తయారయ్యే రోజుల్లో, అంటే ముందరి పళ్ళకు దాదాపు ఎనిమిదేండ్ల లోపల. 2013 తరువాత పుట్టినవారిలో పెద్దపిల్లలకు పాలపళ్ళు వూడి అసలు పళ్ళు వచ్చినాయి. వాళ్ళు త్రాగిన నీళ్ళు ఎటువంటివో ఆ పళ్ళమీదనే వ్రాసి వున్నది. పళ్ళు తెల్లగా వుంటే అక్కడ కావేరి నిజంగా చేరినట్లు. మచ్చలు వుంటే ఆ పల్లెలో బోరు కలుస్తున్నట్లు. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మా ఊరిలోనే 2008లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల వున్నది. ధర్మపురి, కృష్ణగిరి రెండింటినీ తన పరిధిలో వుంచుకొని 1997నుంచి సేలంలో పెరియార్ విశ్వవిద్యాలయం వున్నది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలు వున్నాయి, నీటిబోర్డు పరీక్షశాల వున్నది. వీరంతా ప్రజల సొమ్ముతో బ్రతికేవారే. ఏటేటా అవే బడులకు పోయి, అవే తరగతుల పిల్లలను చూసి, అదే వారం ఆ ఊరి కుళాయినీళ్ళు పరీక్షించి, రెండు లెక్కలను ఒక పుస్తకంలో వ్రాసే ఒప్పందం చేసుకుంటే చాలు. 1937లో గిండీవారు చేసిన పని యిదే. దానిని ఒక ఏడు కాక పదిహేనేండ్లు చేయాలి.

ఆ ఒప్పందంలో యింకొక షరతు వుండాలని నా కోరిక. నీళ్ళు పట్టుకుపోయినవారు తిరిగివచ్చి ఊరివాళ్ళకు లెక్క చెప్పాలి. ఏ బావి మంచిది, ఏది చెడ్డది అని పంచాయతీ గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయాలి. ఒకసారి ఒక అమ్మాయి, వేరే చోటనుంచి వచ్చిన పరిశోధకురాలు, నాలుగునెలల తరువాత బస్సు దిగి మా వీధికి వచ్చి యింటింటికీ ఒక చీటీ యిచ్చిపోయింది. మా చీటీలో 2.8 అని వున్నది. అదేమిటో నేను చదివి చెప్పగానే ఆ సాయంత్రంనుంచి ఆడవాళ్ళు త్రాగేనీళ్ళకు రెండు వీధులవతల వున్న పాత చేదబావికి పోవడం మొదలుపెట్టినారు. ఆ చీటీలో దాని లెక్క 0.9. ఒక్క కాగితానికి అంత బలం వుంటుందని నేను అంతకుముందు అనుకోలేదు.

తిండి సంగతి కూడా ఒకమాట. కాల్షియం, సి విటమిను వున్న తిండి ఫ్లోరైడు చెరుపును కొంత తగ్గిస్తుందని వైద్యులు చెబుతారు. మన రాగులలో కాల్షియం వంద గ్రాములకు మూడువందల మిల్లీగ్రాములకు పైమాటే. బియ్యంలో దానికి లేశమంత. యీ తగడూరు ఏలిన అదియమాన్ రాజు అవ్వైయారుకు ఉసిరికాయ యిచ్చినాడని అరవవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఉసిరికాయ సి విటమినుకు పెట్టింది పేరు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదు పోషకాహార సంస్థవారు బడిపిల్లలతో పరీక్షించి 2002లో ప్రకటించినారు. అయితే సంగటి, పులుసు తింటున్నాము గదా అని చెడ్డనీళ్ళు త్రాగితే మా మేనత్త గతే. ఆమె జీవితమంతా తిన్నది అవే. ముందు నీళ్ళు, తరువాత తిండి. బిగుసుకుపోయిన ఎముకను తిరిగి వదులు చేసే మందు లేదు. వున్న ఉపాయమంతా రాకుండా చూసుకోవడంలోనే వున్నది.

మన సంఘంవారు చేయగలిగినది కొంత వున్నదని నా నమ్మకం. మన కుటుంబాలలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు, డాక్టర్లు వున్నారు. పరిశోధకులు పల్లెకు వచ్చినప్పుడు తెలుగు మాత్రమే వచ్చిన ముసలివాళ్ళకు అర్థమయ్యేటట్లు చెప్పేవారు కావాలి. వారు పోయిన తరువాత ఉత్తరాలు వ్రాసి ఫలితం తెప్పించేవారు కావాలి. యీ వేసవిలో మీమీ ఊళ్ళకు పోయినప్పుడు ట్యాంకునీళ్ళ ఫ్లోరైడు లెక్క ఎంత అని పంచాయతీలో అడగండి. లేదంటే ఒక సీసా పట్టి నీటిబోర్డు పరీక్షశాలకు యివ్వండి. వచ్చిన అంకెను ఊరివాళ్ళందరికీ చెప్పండి. మా యింటి పిల్లల పెండ్లి ఫొటోలలోనైనా అందరూ నోరారా నవ్వుతూ వుండాలని నా ఆశ.